జ్వరానికి వెళ్లినప్పుడు పళ్లు కూడా చూపించండి

మీ ప్రశ్నలు – ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరస సరిచేసే డాక్టరు) జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల వంకర పళ్ల గురించే. "మేం ఎప్పుడూ చూపించే డాక్టరు మాకెందుకు చెప్పలేదు" అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ వరసలో ఉన్నవే తీసుకున్నాను.

ప్రశ్న: మా బాబుకి ఏడున్నరేళ్లు. పైన ముందు పళ్లు వంకరగా వస్తున్నాయి. రాత్రిళ్లు నోరు తెరుచుకుని పడుకుంటాడు, గురక కూడా ఉంది. పుట్టినప్పటి నుంచి ఒకే పిల్లల డాక్టరు గారికి చూపిస్తున్నాం, జలుబని దగ్గని వెళ్తూనే ఉంటాం, ఆయన పళ్ల గురించి ఒక్కసారీ ఏమీ అనలేదు. మా అత్తగారేమో పాలపళ్లన్నీ రాలాక 12, 13 ఏళ్లకి క్లిప్పులు వేయించొచ్చు, ఇప్పటి నుంచే టెన్షన్ ఎందుకు అంటారు. ఎవరి దగ్గరకి వెళ్లాలి? – ఓ తల్లి, కావలి

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజం ఉందమ్మా, క్లిప్పులు ఎక్కువగా వేసేది ఆ వయసులోనే. కానీ వేయించడం వేరు, చూపించడం వేరు. అమెరికాలో ఆర్థోడాంటిస్టుల సంఘం 7 ఏళ్లకల్లా ఒకసారి చూపించమంటుంది. ఎందుకంటే 6 ఏళ్ల ప్రాంతంలో పాలపళ్ల వెనకాల మొదటి శాశ్వత దవడ పళ్లు వస్తాయి, ముందు పళ్లు మారడం మొదలవుతుంది, పై దవడా కింది దవడా ఎలా కలుస్తున్నాయో అప్పటికి చాలావరకు తెలిసిపోతుంది. అలా చూపించిన పిల్లల్లో చాలామందికి మేం చేసేదేమీ ఉండదు, ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ రమ్మని పంపించేస్తాం. మిగతా కొద్దిమంది కోసమే ఈ తాపత్రయమంతా.

ఇక మీ డాక్టరు గారి సంగతి. గొంతు చూడాలంటే ఆయన నాలుకని అదిమి, టార్చి వేసి టాన్సిల్స్ చూస్తారు, పళ్లు దారిలోనే ఉంటాయి గానీ చూపు వాటి మీద ఆగదు. ఎంబీబీఎస్‌లో పళ్ల గురించి చెప్పేది చాలా తక్కువ, బయట ఓపీ నిండా జనం, పైగా మీరు వెళ్లింది దగ్గుకి. ఇదంతా నేను ఒప్పుకుంటాను. అయినా సరే, పిల్లల పళ్ల వరసని మొదట పట్టుకోవాల్సింది పిల్లల డాక్టరే అని నా గట్టి నమ్మకం. మన దగ్గర పన్ను నొప్పి పుడితే తప్ప పిల్లల్ని డెంటిస్టు దగ్గరకి ఎవరూ తీసుకురారు, వంకర పన్నేమో నొప్పి పుట్టదు! పిల్లల డాక్టరు దగ్గరకి మాత్రం టీకాల పుణ్యమా అని ఏదో ఒక వయసులో అందరూ వెళ్తారు. 5, 6 ఏళ్లకి డీపీటీ బూస్టరు, 10 ఏళ్లకి ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ టీకా. పళ్ల వరస చూడాల్సిన వయసులు కూడా దాదాపు అవే. సూదికి ఏడుస్తూ ఎలాగూ నోరు తెరుస్తారు కాబట్టి డాక్టరుకి పెద్ద శ్రమ కూడా ఉండదు.

మీ బాబు విషయంలో నాకు పళ్ల వంకర కంటే ఆ గురక మీదే ఎక్కువ అనుమానంగా ఉంది. ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగినా, టాన్సిల్స్ పెద్దవైనా, అలర్జీతో ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉన్నా పిల్లలు నోటితో గాలి పీలుస్తారు. ఏళ్ల తరబడి అలాగే సాగితే నాలుక అంగుడికి ఆనకుండా కిందే ఉండిపోతుంది, పై దవడ ఇరుకవుతుంది, పళ్లకి చోటు చాలదు, ముఖం పొడవుగా ఎదిగే అవకాశం ఉంది. అందుకని ముందు వెళ్లాల్సింది మళ్లీ ఆ పిల్లల డాక్టరు గారి దగ్గరకే. కాకపోతే జలుబు మాటల్లో కలిపేయకుండా, గురక కోసమే వచ్చామని చెప్పండి, నిద్రపోతున్నప్పుడు ఫోన్లో ఓ నిమిషం వీడియో తీసుకెళ్లి చూపించండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా, పక్క తడుపుతున్నాడా, క్లాసులో తూగుతున్నాడా అని అడుగుతారు, అవసరమనిపిస్తే ఈఎన్‌టీకి రాసిస్తారు. ఆ తర్వాత పళ్లకి మా దగ్గరకి రండి. పళ్లు చక్కబడతాయన్న ఆశతో మాత్రం అడినాయిడ్స్ ఆపరేషన్ చేయించకూడదు, అది ఊపిరిని, నిద్రని, చెవుల్ని చూసి ఈఎన్‌టీ వాళ్లు తేల్చాల్సిన విషయం.

పై దవడ నిజంగానే ఇరుకైందని తేలితే దాన్ని వెడల్పు చేసే పరికరం ఉంది. అంగుడి మధ్యనున్న ఎముక అతుకు గట్టిపడక ముందు, అంటే ఎదిగే వయసులోనే పెడితే అది తేలిగ్గా పనిచేస్తుంది. కాలేజీకొచ్చాక అదే పనికి ఎముకలోకి స్క్రూలు, ఒక్కోసారి ఆపరేషన్ కూడా కావాల్సి రావొచ్చు. ఈ ఒక్క ముక్క మీ అత్తగారికి చెప్పండి, ఆవిడే బాబుని వెంటపెట్టుకుని వస్తారు.

ప్రశ్న: ఆత్మకూరు వైపు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. పిల్లల్ని చూసేటప్పుడు పుచ్చిపళ్లు ఉంటే రాస్తాను. ఎత్తుపళ్లు, వంకర పళ్లు ఉన్నవాళ్లలో ఎవరిని పంపాలో తెలియదు. అందర్నీ పంపితే పనులు మానుకుని నెల్లూరు దాకా వెళ్తారు, అక్కడ ఏమీ లేదంటే మళ్లీ మా మాట వినరు. తొందరగా చూసే పద్ధతి ఏదైనా ఉందా? – ఓ డాక్టరు

జవాబు: డాక్టర్ గారూ, ఇలా అడిగే డాక్టర్లు ఊరికొకరు ఉంటే నాకు ఈ శీర్షికలో సగం పని తగ్గుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తున్నారు కదా, ఆ జాబితాలో గ్రహణం మొర్రి ఉంది, పుచ్చిపళ్లు ఉన్నాయి, పళ్ల వరస మాత్రం లేదు. అందుకే నోరు తెరిపించి, పుచ్చు చూసి, మూసేయమంటారు. నేనడిగేది ఆ మూసే క్షణం గురించే. "వెనక పళ్లతో గట్టిగా కరువు" అని చెప్పి, పెదవులు పక్కకి తీసి చూడండి.

పై పళ్లు డబ్బా మూతలా కింది పళ్లకి చుట్టూ కాస్త బయటగా కూర్చోవాలి. ఎక్కడైనా అది తిరగబడి, కింది పన్ను ఒక్కటైనా పై పన్నుకి ముందుకొచ్చి ఉంటే పంపండి. పక్క పళ్లు తిరగబడి, నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకి జరుగుతుంటే తప్పకుండా పంపండి, అలా వదిలేస్తే ఎదిగే దవడ వంకరగా ఎదగొచ్చు. కింది దవడ మొత్తం ముందుకున్న పిల్లల్ని 7, 8 ఏళ్లకే పంపితే మేలు, పై దవడని ముందుకి లాగే ఫేస్ మాస్క్ 10 ఏళ్లలోపే బాగా పనిచేస్తుంది. కరిచినప్పుడు ముందు పళ్ల మధ్య సందు ఉంటే వేలు చీకే అలవాటుందేమో అడగండి. ఇక ఎత్తుపళ్లు. పై ముందు పళ్లకీ కింది వాటికీ మధ్య ఎడం 2, 3 మిల్లీమీటర్లుంటే మామూలే, 6 దాటితే పంపండి. ఆ ఎడం తగ్గించే పని చాలావరకు ఒళ్లు ఎదిగే వయసులో, ఆడపిల్లలకైతే 10-12, మగపిల్లలకి 12-14 ప్రాంతంలో చేస్తాం. అంతకంటే ముందే మొదలుపెడితే చివరికి వరసలో పెద్ద తేడా రాదు గానీ, ఆడుకుంటూ పడి పన్ను విరగ్గొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి పెదవి మూతపడని పిల్లలుంటే ఆ వయసు దాకా ఆగక్కర్లేదు.

పంపక్కర్లేనివి కూడా చెప్పాలి, మీ అసలు బాధ అదే కదా. 7 నుంచి 11 ఏళ్ల మధ్య పై ముందు పళ్ల నడుమ సందు, పళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉండటం చాలామందిలో కనిపిస్తుంది, కోరపళ్లు దిగాక చాలావరకు సర్దుకుంటుంది. 6, 7 ఏళ్లకి కింద పాలపళ్ల వెనక కొత్త పళ్లు రెండో వరసలా రావడం చూసి తల్లులు హడలిపోతారు. పాలపన్ను కదులుతుంటే అదే ఊడిపోతుంది, కొత్తది మెల్లగా ముందుకొస్తుంది. రెండు నెలలు దాటినా కదలకపోతే అప్పుడు డెంటిస్టుకి చూపించమనండి.

ఒకటి మాత్రం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోమంటాను. పిల్లాడు పడి గడ్డం కింద చీరుకుపోయి మీ దగ్గరకి వస్తాడు, కుట్లు వేసి ధనుర్వాతం టీకా ఇచ్చి పంపేస్తారు. ఆ దెబ్బకి చెవి ముందున్న దవడ కీలు దగ్గర ఎముక విరిగి ఉండొచ్చు, పైకి ఏమీ కనిపించదు. కుట్లు వేసే ముందు రెండు చెవుల ముందూ వేలు పెట్టి నోరు తెరిపించండి. నొప్పి ఉన్నా, నోరు పూర్తిగా తెరవలేకపోయినా, గడ్డం పక్కకి లాగినా ఎక్స్‌రేకి పంపండి. అది తెలియక వదిలేస్తే కొన్నేళ్లకి కీలు బిగుసుకుపోయి, ముఖం ఒక పక్క ఎదగకుండా ఉండిపోయిన పిల్లలు మా దగ్గరకి వస్తారు. అప్పుడు మేం చేసే వైద్యం ఆ రోజు మీరు తీయించే ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు పెద్దది.

ప్రశ్న: మాది కనిగిరి వైపు పల్లె. పాపకి 12 ఏళ్లు. ఒక పక్క కోరపన్ను వచ్చి ఏడాది కావస్తోంది, రెండో పక్క రానే లేదు. పళ్ల మీద గారలు కూడా ఉన్నాయి, ఇలాంటి పళ్లకి క్లిప్పులు అతుక్కోవని ఎవరో అన్నారు. – ఓ తండ్రి

జవాబు: ఒక పక్క వచ్చి ఆర్నెల్లు దాటినా రెండో పక్క రాలేదంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. పై కోరపన్ను 11, 12 ఏళ్లకి వస్తుంది, కానీ 10 ఏళ్లకే పాల కోరపన్ను పైన చిగురు మీద వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. తగలకపోతే అది అంగుడి వైపు దారి తప్పుతోందేమో అని అనుమానించాలి. ఆ వయసులో పట్టుకుంటే కొన్నిసార్లు పాలపన్ను తీసేస్తే చాలు, అసలుది దారికొస్తుంది. 10 ఏళ్ల టీకా రోజున డాక్టరు చేతి తొడుగు వేసుకుని వేలితో ఒకసారి తడిమితే తెలిసే సంగతి ఇది. మీ పాపకి ఇప్పుడైనా ఆలస్యమేమీ కాలేదు, ఆ పన్ను పక్క పళ్ల వేర్లని తినేయక ముందు చూపించండి.

గారలు మీ నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల. అలాంటి పళ్ల మీద క్లిప్పులు మామూలు కంటే ఎక్కువగా ఊడతాయి, అంతేగానీ అతుక్కోవన్నది నిజం కాదు. ముందే చెబితే దానికి తగ్గట్టు జాగ్రత్తలు తీసుకుంటారు. ఇంట్లో 8 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్లకి బోరు నీళ్లు పట్టకండి, గారలు పడేది పళ్లు తయారయ్యే ఆ వయసులోనే. నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, ఖర్చు గురించి భయపడుతుంటే ముందు అక్కడ అడిగి చూడండి.

ప్రశ్న: ఊడిపోయే పాలపళ్లకి సిమెంటు, ట్రీట్‌మెంటు ఎందుకు, పీకేస్తే పోదా? – ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు పళ్లయితే పెద్ద నష్టం లేదు. వెనక పాల దవడ పళ్లు 10-12 ఏళ్ల దాకా ఉండాల్సినవి. 6 ఏళ్లకే పీకేస్తే దాని వెనకాల పన్ను ఆ చోటులోకి ఒరిగిపోతుంది, కింద నుంచి రావాల్సినదానికి దారి ఉండదు. తప్పక పీకాల్సి వస్తే చోటు ఆపే చిన్న తీగ పరికరం వేయమని అడగండి.

ప్రశ్న: మనవరాలికి మూడేళ్లు. వేలు చీకడం మానడం లేదు. వేపాకు రసం పూస్తే కడిగేసుకుని మళ్లీ చీకుతోంది. – ఓ అమ్మమ్మ, సింగరాయకొండ

జవాబు: తెలివైన పిల్లే. మూడేళ్లకి ఏమీ చేయకండి పెద్దమ్మగారూ, తిట్టకండి కూడా, తిడితే ఇంకాస్త ఎక్కువ చీకుతారు. చాలామంది నాలుగేళ్లకల్లా వాళ్లంతట వాళ్లే మానేస్తారు, అప్పటిదాకా పళ్లలో వచ్చిన మార్పు చాలావరకు సర్దుకుంటుంది. 5 ఏళ్ల బూస్టరు టీకాకి తీసుకెళ్లేసరికి ఇంకా చీకుతుంటే ఆ డాక్టరుకే చెప్పండి, కరిపించి చూడమనండి.