4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 నడుస్తుందా?

దేవరకొండలో డిగ్రీ చదివే తమ్ముడి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయొచ్చా అని అడిగారు. నిశ్చింతగా వేయండి. కాకపోతే మింట్ రకాల్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ తీసుకోండి, అది తేలిక. 2024 జులైలో వచ్చిన ఈ వెర్షన్‌లో 6.8 కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), సౌండ్‌ను నడిపే పైప్‌వైర్ ఉన్నాయి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

మింట్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్‌ను దాని నుంచే బూట్ చేయండి, అంటే ఆన్ చేయండి. మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది కాబట్టి వెంటనే ఇన్‌స్టాల్ నొక్కొద్దు. వైఫై అందుతోందా, సౌండ్ వస్తోందా, తెలుగు కీబోర్డ్ చేర్చుకుంటే టైపు అవుతోందా ముందు అక్కడే చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అన్న చోట మాత్రం చాలా జాగ్రత్త: విండోస్‌తో పాటు ఫొటోలు, నోట్సు అన్నీ పోతాయి. మల్టీమీడియా కోడెక్‌ల (వీడియోలు, పాటలు ఆడించే సాఫ్ట్‌వేర్) దగ్గర టిక్ పెట్టండి, లేదంటే కొన్ని వీడియోలు ఆడవు. బ్యాటరీ నిలవని లాప్‌టాప్ అయితే కరెంటు పోని వేళ చూసుకుని మొదలుపెట్టండి.