కుందేలుకు ఆపరేషన్ అయ్యాక: పాపకు చిన్నాయన జాబు

పాపా,

నీ కుందేలు మల్లికి గర్భసంచి తీసేశారని, ఈ సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారని వదిన ఫోన్‌లో చెప్పింది. నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లకు గర్భసంచిలో క్యాన్సర్ గడ్డలు రావడం మామూలే. పెద్ద ఆపరేషనే కానీ చేయించి మంచిపని చేశావు. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసినన్నాళ్లూ చూసిందీ, రిటైరయ్యాక ఇంట్లో కుందేళ్లను పెంచి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నా. డాక్టర్ రాసిచ్చిన కాగితంలో ఏదైనా దీనికి తేడాగా ఉంటే ఆ కాగితం మాటే విను.

ఇంటికొచ్చిన వాళ్లంతా కుట్లు ఎట్లున్నాయని చూస్తారు. నువ్వు మాత్రం పెంటికలు చూడు. కుట్ల పని డాక్టర్ చేసేశాడు, పేగుల పని నీది. కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. లోపలికి పీచు పోతుంటేనే అవి కదులుతాయి. మత్తుమందు, నొప్పి, భయం, ఈ మూడూ వాటిని మందగింపజేస్తాయి. నొప్పికి తినదు, తినకపోతే కడుపులో గ్యాస్ పడుతుంది, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్ బాగా జరిగిన కుందేళ్లు కూడా ఇంటికొచ్చాక పోయేది ఎక్కువగా ఇందుకే. పెద్ద జబ్బుకు లంఖణం పరమౌషధం అని మీ జేజి అంటుంది చూడు, అది మల్లి దగ్గర పనికిరాదు. కుందేలుకు వాంతి రాదు కాబట్టి ఆపరేషన్‌కు ముందు కూడా దాన్ని పస్తు ఉంచరు.

పథ్యం పేరుతో బ్రెడ్డు, పాలు, బిస్కెట్లు, బెల్లం నీళ్లు ఏవీ వద్దు. ఎండు గడ్డి ఎప్పుడూ ముందర ఉండాలి. కుందేళ్లకని అమ్మే టిమోతీ ఎండు గడ్డి లేకపోతే మందు కొట్టని చోట కోసి నీడలో ఆరబెట్టిన గరిక పెట్టు. గడ్డి ముట్టకపోతే కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు కడిగి ముక్కు దగ్గర పట్టు. చాలా కుందేళ్లు మొదట నోరు పెట్టేది కొత్తిమీర మీదే. నీళ్లు గిన్నెలో పెట్టు. సీసా గొట్టం నుంచి తాగాలంటే తల ఎత్తాలి, నీరసంలో అది కష్టం.

రాత్రి పడుకునే లోపు తనంతట తాను తినకపోతే సిరంజితో పట్టాలి. ఆక్స్‌బో కంపెనీ వాళ్ల క్రిటికల్ కేర్ అని పొడి దొరుకుతుంది. ఒక వంతు పొడికి రెండు వంతులు గోరువెచ్చని నీళ్లు కలుపుకోవాలి. అది చేతికి అందేదాకా మల్లి రోజూ తినే గుళికలనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చిదిమి, సూది తీసేసిన సిరంజిలోకి ఎక్కించు. కిలో బరువుకు రోజు మొత్తం మీద 50 మి.లీ. దాకా, నాలుగైదు విడతలుగా పట్టొచ్చు. మల్లిది ఎంత బరువో, ఎంత పట్టాలో డాక్టర్‌తో ఖాయం చేసుకో. పట్టడం ఎట్లాగంటే, టవల్‌లో చుట్టి నేల మీదే నీ మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకో. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, తల పైకెత్తొద్దు. ముందు పళ్ల వెనక బుగ్గ వైపు ఖాళీ ఉంటుంది, సిరంజి మొన అక్కడ పక్కనుంచి పెట్టి అర మి.లీ. చొప్పున వదులు. నమిలి మింగాక మళ్లీ. తొందరపెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపు ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం బలవంతాన పట్టొద్దు, ముందు డాక్టర్‌కు ఫోన్ చెయ్.

నొప్పి సంగతి. కుందేలు మామూలుగా అరవదు. వేటాడే జంతువు కళ్లలో పడకుండా బతకాల్సిన ప్రాణి కాబట్టి నొప్పిని దాచుకుంటుంది. మూలకు పోయి ముడుచుకుని కూర్చోవడం, కళ్లు సగం మూయడం, పొట్టను నేలకు అదుముకోవడం, పళ్లు గట్టిగా కొరకడం, ఇవే నీకు గుర్తులు. దువ్వుతుంటే సంతోషానికి మెల్లగా పళ్లు కదపడం వేరే, అది నీకు తెలిసిందే. మెలాక్సికమ్ లాంటి నొప్పి మందు ఇచ్చి ఉంటారు. రెండో రోజుకు హుషారుగా కనిపిస్తోందని అది ఆపొద్దు, చెప్పినన్ని రోజులూ పట్టు. ఇంట్లో మనం వేసుకునే మాత్రలు చిన్న ముక్క కూడా వెయ్యొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. పుండు ఎర్రబడిందని ఎవరైనా మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ తెచ్చిస్తే తీసుకోకు. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్ లాంటివి నోటి ద్వారా పోతే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, దాని ప్రాణం మీదికొస్తుంది. ఇక వదిన పసుపు తెస్తుంది. ప్రేమతోనే తెస్తుంది, నాకు తెలుసు. కానీ కుట్ల మీద పసుపు, నూనె, ఆయింట్‌మెంట్ ఏదీ పూయొద్దని నా మాటగా చెప్పు. పూసింది పూసినట్టు నాకుతుంది, నాకితే కుట్లు తడుస్తాయి. నోరు కుట్లకు అందకుండా మెడకు ప్లాస్టిక్ గొట్టం కట్టమంటారు కొందరు. కుట్లు కొరుకుతుంటే తప్ప వద్దు. మెత్తటి పెంటికలు కొన్ని కుందేలు తన వెనక నుంచే నోటితో అందుకుని తింటుంది, దాని ఒంటికి కావాల్సిన పోషకాలు కొన్ని అందులోంచే వస్తాయి. గొట్టం ఉంటే అది కుదరదు, గడ్డి తినడానికీ అడ్డమే.

మీ ఇంట్లో కడప బండలు కదా. మత్తు దిగేదాకా ఒళ్లు చల్లబడుతుంది, కాబట్టి మొదటి రాత్రి బండ మీద ఉంచొద్దు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, వేడినీళ్ల సీసాను టవల్‌లో చుట్టి ఒక పక్కన పెట్టు. వేడి ఎక్కువైతే పక్కకు జరగడానికి చోటుండాలి. కుందేలు మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. చెవులు చల్లగా ఉండి నీరసంగా ఉంటే తేలిగ్గా తీసుకోకు. తెల్లారాక కథ మారుతుంది. మన ఎండలు ఎట్లాంటివో చెప్పక్కర్లేదు, గది 28 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. అప్పుడు అదే బండ మేలు చేస్తుంది. కూలర్ గాలి సూటిగా తగలనివ్వకు. నడిచేచోట చాప వెయ్, నున్నటి బండ మీద దాని కాళ్లు జారి కుట్లు లాగుతాయి. రంపపు పొట్టు వద్దు, కుట్లకు అంటుకుంటుంది. స్నానం మాట ఎత్తొద్దు. దోమతెర తప్పకుండా కట్టు. వెనక భాగం తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, రోజు తిరక్కుండానే పురుగు పడుతుంది. పొద్దున, సాయంత్రం తోక కింద చూడు.

వారం పది రోజులు మంచాలు, సోఫాలు ఎక్కనివ్వకు. మెల్లగా నడవడం మంచిదే, పేగులు కదులుతాయి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉండాలి. గాల్లో తన్నుకుంటే వెన్ను విరుగుతుంది. చూడ్డానికి వచ్చే పిల్లలను రెండు రోజులు ఆపు. దాని జోడు కుందేలును వేరే గదిలో పెట్టకు, పక్కనే జాలీ అవతల ఉంచు. వాసన తగులుతుంటే రెండూ బెంగపడవు, తర్వాత కొట్టుకోవు.

రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి రాసిపెట్టు. ఎంత తిన్నదీ, పెంటికలు ఏ సైజులో వేసిందీ అదే కాగితంలో రాయి. మొదట చిన్నవి, తక్కువ వస్తాయి, భయపడొద్దు. 12 గంటలు ఏమీ తినకపోయినా, రోజంతా పెంటికలే లేకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, కుట్లు విడినా, తెల్లారనీ అని కూర్చోవద్దు. అర్ధరాత్రయినా డాక్టర్‌కు ఫోన్ చెయ్. ఆయన దొరకకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది. కుందేళ్లను చూసేవాళ్లు ఆ వేళకు ఉన్నారో లేదో ముందే ఫోన్‌లో కనుక్కుని బయల్దేరు. ఆ నంబర్లు ఇవాళే గోడ మీద రాసిపెట్టుకో.

నా దగ్గర విప్పని క్రిటికల్ కేర్ ప్యాకెట్ ఒకటుంది. రేపు పొద్దున ఆర్టీసీ కార్గోలో వేస్తా, బస్టాండుకు పోయి తెచ్చుకో. ఈ రాత్రికి గుళికలు నానబెట్టు.

మీ చిన్నాయన