మా ఇంటి ‘గందరగోళం’

చిన్ననాట ఇంట్లో తిన్న వింత వంటకం ఏది, దానిని ఇప్పుడు వండుకుంటే ఆ రుచి మళ్ళీ వస్తుందా అని అడిగారు. మా ఇంట్లో అలాంటివి రెండు మూడు ఉండేవి గాని, మొదటి స్థానం మా నాన్నగారు సెలవు రోజుల్లో చేసే ‘గందరగోళం’దే. నిలవ బ్రెడ్డును చేత్తో తుంచి, పాలు పోసి గిలకొట్టిన గుడ్లసొనలో నానబెట్టి, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాల పొడి, వాటితో పాటు గుప్పెడు పంచదార కూడా కలిపి, పెనం మీద మందంగా పరిచి మూత పెట్టేవారు. తిరగేయడానికి అట్లకాడ పెట్టగానే అది ప్రతిసారీ ముక్కలైపోయేది కాబట్టి మా అక్క దానికి ఆ పేరు పెట్టింది. నాన్నగారు అభ్యంతరపెట్టకపోగా, ఆ తరువాత అట్టును నిలబెట్టే ప్రయత్నమే మానుకున్నారు.

ఉల్లిపాయలతో పంచదార ఏమిటని మా ఇంటికి వచ్చిన పిల్లలు మొహం చిట్లించేంతవరకు అందులో వింత ఉందని మాకు తెలియదు. నిజానికి ఆ జోడీ అంత విడ్డూరమైనదేమీ కాదు. ఉల్లిపాయలో సహజంగానే చక్కెరలు ఉంటాయి; ఘాటును కలిగించే గంధక సమ్మేళనాలు వేడికి తగ్గిపోయేకొద్దీ ఆ తీపి పైకి తేలుతుంది. నాన్నగారు దానికి కొంచెం తోడు చేశారంతే. నిలవ బ్రెడ్డే కావాలని ఆయన పట్టుబట్టడంలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే తాజా బ్రెడ్డు పాలలో పడగానే ముద్దయిపోతుంది గాని, ఎండి గట్టిపడినది పాలను పీల్చుకుని కూడా తన ఆకారాన్ని కొంత నిలుపుకుంటుంది.

అయితే మేము కొట్లాడుకున్నది పైభాగం కోసం కాదు, పెనానికి అంటుకున్న ఎర్రటి మాడు కోసం. గుడ్లు, పాలలోని మాంసకృత్తులకు చెందిన అమైనో ఆమ్లాలు చక్కెరలతో అధిక వేడిలో కలిసినప్పుడు ఆ రంగూ వాసనా పుడతాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మయ్యార్ పేరుతోనే దానిని పిలుస్తారు. మా ఇంట్లో ఆ మాడు గిన్నె కడగవలసిన వారికి దక్కాలనే నియమం ఉండేది, అందువల్ల ఆ రోజు గిన్నెలు కడగడానికి కూడా పోటీ పడేవాళ్ళం.

జ్వరం తగ్గిన పూట అమ్మ పాలలో ఉడికించి పెట్టే తీపి మాకరోనీ గురించి ఎక్కువ చెప్పను. అది అందరికీ నచ్చేదే. మా పిన్ని చేసే మూడో వంటకం మాత్రం వేరు. ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంపల మీద అరటిపండు చిదిపి వేసేది. ఒక వస్తువు పదేపదే ఎదురైతే దానిపై ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది గాని, నా నాలుక విషయంలో ఆ సూత్రం పనిచేయలేదు. ఆ వంటకం మీద మమకారం ఉంది, రుచిగా ఉండేదని మాత్రం అబద్ధం చెప్పలేను. ఇటువంటి వంటకాలు చాలావరకు ఉన్నదానితో సరిపెట్టుకోవడంలోనుంచే పుడతాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అరటిపండ్లు కరవైన బ్రిటన్‌లో గృహిణులు పార్స్‌నిప్ అనే దుంపను ఉడికించి మెదిపి, అరటి ఎసెన్సు కలిపి పిల్లలకు పెట్టేవారు. దానితో పోల్చితే మా పిన్నిది నిజమైన అరటిపండే.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తే, ‘గందరగోళం’ రుచి చాలావరకు తిరిగి వస్తుంది. వాసన మాత్రం పూర్తిగా వస్తుంది, అదే ముఖ్యం. మిగతా ఇంద్రియాల సంకేతాలు మెదడులో థలామస్ అనే కూడలి లాంటి భాగం మీదుగా వెళ్ళవలసి ఉండగా, వాసన సంకేతాలు భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగాలను నేరుగా చేరగలవు. కాబట్టి ఉల్లిపాయలు వేగుతుండగానే సగం పని అయిపోతుంది. రానిదల్లా ఆ మాడే. ఏదీ అంటుకోని పూత ఉన్న పెనం మీద అది ఏర్పడదు కాబట్టి, దీనికోసం ఇనుప పెనం వాడమని, మంట తగ్గించి మూత పెట్టి, చివర్లో మూత తీసి కొద్దిసేపు మంట పెంచమని సూచిస్తాను. తిరగేయడానికి తొందరపడవద్దు, విరిగితే విరగనివ్వండి.