హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్, ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్: ఇంతకీ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

ఇలా వస్తే సాధారణంగా ప్రస్తుతం ఒంట్లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ లేనట్టే. రెండు పరీక్షలూ వెతికేది వేర్వేరు వాటిని. మొదటిది వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. వైరస్ పోయినా అవి ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం ఉండిపోతాయి. రెండోది రక్తంలో వైరస్‌నే, అంటే దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏని, వెతుకుతుంది.

ఉదాహరణకు, ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో ఒకరికి యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. తర్వాత ఆర్‌ఎన్‌ఏ రిపోర్టులో 'నాట్ డిటెక్టెడ్' అని ఉంది. ఎప్పుడో సోకిన వైరస్ మందులతోనో, దానంతట అదేనో పోయి ఉండాలి (సోకినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి మందు లేకుండానే పోతుంది). లేదా మొదటి పరీక్షే పొరపాటున పాజిటివ్ చూపి ఉండాలి. ఇంకొకరికి వాడిన సూది గుచ్చుకోవడం లాంటిది ఈమధ్యే జరిగి ఉంటే మాత్రం ఆర్‌ఎన్‌ఏ మళ్లీ చేయించాలి.

యాంటీబాడీలు ఉన్నాయి కాబట్టి ఇక సోకదనుకోవడం తప్పు, మళ్లీ సోకవచ్చు. నయమయ్యాక కూడా కొందరు యాంటీబాడీ పరీక్షే చేయించుకుని, పాజిటివ్ చూసి టెన్షన్ పడతారు. అది అలాగే వస్తుంది. చూడాల్సింది మందులు ఆపిన 12 వారాలకు చేసే ఆర్‌ఎన్‌ఏ.