దూరం వెళ్లేకొద్దీ రైలు నెమ్మదిస్తుంటే

మీ బల్ల మీది మోడల్ రైలు సెట్‌లో, పట్టాలకు కరెంటు ఇచ్చే కంట్రోలర్ దగ్గర బాగా పరుగెత్తే ఇంజను అవతలి మూలకు వెళ్లేసరికి నీరసపడుతోందని రాశారు. మోటారును అనుమానించకండి. మొత్తం ట్రాక్‌కు ఒకే చోట వైర్లు ఇచ్చానన్నారు కదా, తంటా అక్కడే. కరెంటు ప్రతి జాయినర్‌నూ, అంటే పట్టా ముక్కలను కలిపే చిన్న లోహపు క్లిప్పునూ, దాటుకుంటూ పోవాలి. అవి వదులైనా, నల్లబడినా ఒక్కోచోట కొంచెం కొంచెం వోల్టేజీ తగ్గిపోతుంది. పైగా మామూలుగా ఈ పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులోనే వెండి, లోపల ఉన్నది రాగి, నికెల్, జింకు! రాగి తీగలో పారినంత సులువుగా కరెంటు అందులో పారదు.

బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి, ట్రాక్ వెంబడే లాగండి. సుమారు మీటరుకో చోట వాటి నుంచి సన్నటి తీగలు తెచ్చి పట్టాలకు సోల్డర్ చేయండి. ఎరుపు ఎప్పుడూ లోపలి పట్టాకే. ఒక్కచోట తారుమారైనా షార్టే. నేనలా తప్పుచేసి ఒక ఆదివారమంతా బల్ల కిందే గడిపాను. సోల్డర్ చేసే చోట పట్టాను ముందు గరుకు కాగితంతో రుద్దండి, పని చకచకా ముగించండి, లేకపోతే పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి.

ప్రతి జత కలపగానే కంట్రోలర్ వైర్లు విప్పి, ఇంజను పక్కన పెట్టి, మల్టీమీటరుతో షార్ట్ ఉందేమో చూసుకోండి. ఇంజను పట్టాల మీదే ఉంటే దాని మోటారు వల్ల రీడింగు తప్పుదారి పట్టిస్తుంది.