ఒకే చర్య, ఒకచోట వేడి, మరోచోట కరెంటు

ప్రశ్న: ప్రయోగశాలలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) ద్రావణంలో జింకు కడ్డీని ముంచితే నీలిరంగు తగ్గి, కడ్డీపై ఎర్రని పొర పట్టింది, ద్రావణం వేడెక్కింది, కాని కరెంటు రాలేదు. జింకును జింకు సల్ఫేటులో, రాగిని మైలుతుత్తంలో వేరువేరు బీకర్లలో ఉంచి, తీగతోనూ లవణ సేతువు (లవణం నింపిన గొట్టం)తోనూ కలిపితే మాత్రం వోల్ట్‌మీటరు 1.1 చూపింది. సేతువు తీయగానే ముల్లు సున్నాకు పడిపోయింది. ఎందుకని?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండుచోట్లా జరిగిన చర్య ఒక్కటే. జింకు పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా, అంటే విద్యుదావేశమున్న కణంగా, ద్రావణంలో కలుస్తుంది, రాగి అయాను వాటిని తీసుకొని లోహంగా మారుతుంది. మొదటి బీకరులో రాగి అయాన్లు జింకును నేరుగా తాకుతున్నాయి కనుక ఎలక్ట్రాన్లు అక్కడికక్కడే చేతులు మారి, విడుదలైన శక్తి దాదాపు అంతా వేడిగా పోయింది. బీకర్లను విడదీసినప్పుడు జింకు దగ్గర రాగి అయాన్లు లేవు. ఎలక్ట్రాన్లకు తీగ తప్ప వేరే దారి లేకపోవడం వల్లనే, ఆ దారిలో మనం పెట్టిన బల్బు వెలుగుతుంది. 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ తయారుచేసిన ఘటంలోని కీలకం ఈ ఎడబాటే.

1.1 వోల్టులు ఎక్కడివంటే, ప్రమాణ పరిస్థితుల్లో జింకు ఎలక్ట్రోడు పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను తీసుకునే మొగ్గుకు కొలత) −0.76, రాగిది +0.34 వోల్టులు, వాటి తేడా 1.10. పలకను పెద్దది చేస్తే వోల్టేజి పెరుగుతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు, కాని అది పెరగదు. ఎక్కువ కరెంటు తీసుకోవడానికి మాత్రం పెద్ద పలక తోడ్పడుతుంది. మొత్తం ఎంత విద్యుదావేశం వస్తుందన్నది కరిగే జింకును బట్టి ఉంటుంది: 65.4 గ్రాముల జింకు పూర్తిగా కరిగితే సుమారు 1,93,000 కూలుంబులు వస్తాయి.

ఇక సేతువు సంగతి. జింకు కరిగేకొద్దీ ఆ బీకరులో ధనావేశం, రాగి అయాన్లు తరిగేకొద్దీ రెండో బీకరులో సల్ఫేటు వల్ల రుణావేశం మిగిలిపోతాయి, ఈ అసమతుల్యం అణుమాత్రం ఏర్పడినా ఎలక్ట్రాన్ల ప్రవాహం ఆగిపోతుంది. అగర్ జెల్లీలో పొటాషియం క్లోరైడు నింపిన సేతువు జింకు వైపు క్లోరైడును, రాగి వైపు పొటాషియాన్ని పంపి ఆ లోటును ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. సేతువు గుండా వెళ్ళేవి అయాన్లే, ఎలక్ట్రాన్లు కావు. పరీక్షలో ఈ మాట తప్పకుండా రాయండి.

మరి ఇంట్లోని ఇన్వర్టరు బ్యాటరీలో, కాజీపేట దారిలో తిరిగే ఆటోల బ్యాటరీలో రెండు ద్రావణాలు ఎందుకు లేవన్న సందేహం మీకు రావాలి. అక్కడ ఎలక్ట్రాన్లు తీసుకునే సీసం డయాక్సైడు ఘనపదార్థంగా తన పలకనే అంటిపెట్టుకొని ఉంటుంది, ద్రవంలో కలిసి సీసం పలక దాకా రాలేదు. అందువల్ల రెండు పలకలకూ ఒకే సల్ఫ్యూరికామ్లం సరిపోతుంది. ఒక్కో గదికి దాదాపు 2 వోల్టులు, ఆరు గదులను వరుసగా కలిపితే 12.