లైవ్ ఆల్బమ్ వేయబోతున్న మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్ళాక మీ బ్యాండు పెద్ద కచేరీ పెట్టుకుంటోందనీ, దాన్ని రికార్డు చేసి లైవ్ ఆల్బమ్‌గా విడుదల చేస్తారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన పాటలు విన్నాను. రెండు గిటార్లు జంటగా వరస ఎత్తుకునే చోట ఒళ్ళు పులకరించింది. మెటల్ అనే ఈ హోరెత్తే రాక్ సంగీతంలో వేగం చాలామందికి వస్తుంది. అంత హోరులోనూ విన్నవాడు ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసుకోదగ్గ వరస కట్టడం కొద్దిమందికే వస్తుంది. అది మీకు పట్టుబడింది. ఏళ్ళ తరబడి ఆర్కెస్ట్రాలకు, నాటకాలకు మైక్ సెట్ నడిపిన వాడిని కాబట్టి నాకు తెలిసినది నీకు చెప్పాలనిపించింది.

లైవ్ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ముఖ్యంగా వినిపించాల్సింది జనం గొంతు. మీ వాయింపు స్టూడియో రికార్డులో ఎలాగూ ఉంది, అక్కడ ఇంకా శుభ్రంగా ఉంది. మీ వరసను ఎదుటివాళ్ళు అందుకుని పాడడం ఒక్కటే స్టూడియోలో దొరకదు.

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంగ్లండు మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. నన్ను కదిలించింది మాటలున్న చోటు కాదు. గాయకుడు ఆగిపోయి గిటారు మాత్రమే మోగుతున్నప్పుడు, మాటల్లేని ఆ గిటారు వరసను వేలమంది ఓ ఓ అంటూ పాడారు. మన వైపు పద్యనాటకాల్లో కూడా ఇదే చూశాను. నటుడు రాగం ముగించీ ముగించకముందే వెనక వరసల నుంచి వన్స్‌మోర్ లేచేది. ఆ కేక పడని క్యాసెట్టును, గాత్రం ఎంత బాగున్నా, ఊళ్ళో ఎవరూ రెండోసారి పెట్టుకునేవారు కాదు.

అయితే జనం పాడాలంటే పాట వాళ్ళకు ముందే వచ్చి ఉండాలి. ఐరన్ మెయిడెన్ 1975లో మొదలైంది. వాళ్ళ పేరు నిలబెట్టిన లైవ్ ఆల్బమ్ ‘లైవ్ ఆఫ్టర్ డెత్’ వచ్చింది 1985లో, ఐదు స్టూడియో ఆల్బమ్‌లు వేశాక, 1984 ఆగస్టులో మొదలుపెట్టి దాదాపు 11 నెలలు ఊరూరా తిరిగిన యాత్రలోంచి. మనకు దగ్గరగా చూడాలంటే బెంగళూరు క్రిప్టోస్ ఉంది. 1998లో మొదలైన ఆ బ్యాండు జర్మనీలో వాకెన్ మెటల్ ఉత్సవం దాకా వెళ్ళింది 2013లో. మీరు పదేళ్ళు ఆగాలని అనను. మీకు ఒక ఆల్బమ్ ఉంది, కొన్ని విడి పాటలున్నాయి, ఒక కచేరీకి సరిపోతాయి. కానీ కొత్త పాటలను తొలిసారి ఆ రాత్రే వినిపించాలన్న ఆలోచన మానుకోండి. వాటి స్టూడియో రికార్డులను దసరా నాటికే బయటపెట్టండి. కాకినాడ, తణుకు, రాజమండ్రి కాలేజీల్లో చిన్న చిన్న కచేరీలు చేయండి. జనం ఏ వరసను అందుకుంటున్నారో అక్కడ గమనించి, రికార్డు చేసే రాత్రి ఆ చోట గాయకుణ్ణి ఆపి, గిటార్లు కాస్త తగ్గించి, వాళ్ళకు చోటు ఇవ్వండి.

ఇక రికార్డింగ్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు.

జనం గొంతు దానంతటది రికార్డులోకి రాదు. గాయకుడి మైకులో పడే కేకలు డ్రమ్స్ హోరులో కలిసిపోతాయి. స్టేజీ అంచున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి కండెన్సర్ మైకులు (సన్నటి శబ్దాన్నీ పట్టే రకం) జనం వైపు తిప్పి పెట్టించు. అవి సౌండ్ బాక్సులకు వెనకగా, మనుషుల తలలకన్నా ఎత్తులో ఉండాలి. హాలు మధ్యలో, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సరు దగ్గర మరో రెండు పెట్టించు. ఈ నాలుగూ రికార్డుకే వెళ్ళాలి, సౌండ్ బాక్సుల్లోకి పొరపాటున కూడా పోకూడదు. శబ్దం మన వాతావరణంలో సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. మిక్సరు స్టేజీకి 30 మీటర్ల దూరంలో ఉంటే అక్కడి మైకుకు డ్రమ్స్ దెబ్బ దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. మిక్సింగ్‌లో ఆ ట్రాకులను అంతమేర ముందుగా వినిపించేలా జరపకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు పడినట్టు వినిపిస్తుంది. ఎంత జరపాలో లెక్కలు వేసుకోనక్కర్లేదు. జనం రాకముందే స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టించి అన్ని మైకుల్లోనూ రికార్డు చేసి పెట్టుకో. తర్వాత ఆ దెబ్బ ఆధారంగా ట్రాకులన్నీ కలుపుకోవచ్చు.

మిక్సరు అద్దెకు మాట్లాడేటప్పుడే, 32 చానెళ్ళనూ విడివిడిగా కంప్యూటరులోకి పంపే డిజిటల్ మిక్సరు కావాలని అడుగు. కుడి ఎడమలు కలిసిపోయిన ఒక్క స్టీరియో రికార్డు చేతికొస్తే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 32 ట్రాకులు గంటకు దాదాపు 17 జీబీ తింటాయి. డిస్కులో చోటు చూసుకోండి. అదే సమయంలో రెండోచోట కూడా రికార్డు అయ్యేలా ఏర్పాటు ఉండాలి. 24 బిట్‌లో శబ్దం స్థాయిని మీటరు మీద ఎర్రదీపం దాకా తోయాల్సిన అవసరం లేదు. సౌండ్ చెక్‌లో గట్టిగా వాయించినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. జనాన్ని చూశాక డ్రమ్మరు చెయ్యి ఇంకా బరువుగా పడుతుంది, అప్పుడు ఆ ఖాళీ పనికొస్తుంది. గిటార్లకు ఆంప్లిఫయర్ ముందు మైకు ఎలాగూ పెడతారు. దానితోపాటు డీఐ బాక్సు (గిటారును నేరుగా మిక్సరుకు కలిపే చిన్న పెట్టె) నుంచి శుద్ధమైన సిగ్నల్ కూడా వేరే ట్రాకులో తీసుకోండి. మైకు పక్కకు జరిగిపోయినా ఆ రాత్రి వాయించినదే మళ్ళీ ఆంప్లిఫయర్‌లోకి పంపి రికార్డు చేసుకోవచ్చు.

కరెంటు విషయంలో నా మాట తప్పకుండా విను. లైట్లకు ఒక జనరేటర్, సౌండ్‌కు ఒక జనరేటర్ వేరుగా ఉండాలి. లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్లు, సీరియల్ సెట్లు ఉన్న లైన్లోనే ఆంప్లిఫయర్లు పెడితే గిటార్లలో తీగల కదలికను పట్టే పికప్పులు ఆ రొదనంతా లాగుతాయి. గుయ్‌మని శబ్దం వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన స్టేజీల మీద ఇప్పటికీ ఉంది. నీ కళ్ళ ముందు ఎవరినీ ఆ పని చేయనివ్వకు. చెయ్యి గిటారు తీగల మీద, పెదవి మైకు మీద ఉన్నవాడి ఒంట్లోంచే లీకైన కరెంటు పోతుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది, ఆ శబ్దానికి మందు అదే.

సముద్రం గాలికి, కాలువల తేమకు మన దగ్గర స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి. కచేరీకి ముందురోజు కొత్తవి వేసి బాగా సాగదీసి ఉంచండి. గిటార్లను మధ్యాహ్నానికల్లా హాల్లోకి చేర్చండి, శృతి అక్కడి గాలికి కుదురుకుంటుంది.

కచేరీ భీమవరంలోనే, ఆరుబయట పెట్టాలనుకుంటున్నారట. జనవరిలో మావుళ్ళమ్మ ఉత్సవాలతో ఊరంతా మైకులు మోగుతుంటాయి. పక్క వీధి పాట మీ జనం మైకుల్లో పడితే తీసేయడం ఎవరి తరమూ కాదు. కప్పు ఉన్న హాలు చూసుకోండి. రాజమండ్రి ఆనం కళాకేంద్రం, కాకినాడ సూర్య కళామందిరం లాంటి చోట్ల ఖాళీ ఉందేమో ఇప్పుడే అడగండి. పండుగకు హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన కుర్రకారు తిరిగి బండెక్కకముందే తేదీ పెట్టుకుంటే మంచిది. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ల మోత బయటికి పోతే నిబంధన అడ్డు వస్తుంది కాబట్టి సాయంత్రం 6కే మొదలుపెట్టి చివరి పాట 9 లోపు ముగించండి. డబ్బు కుదిరితే రెండు రాత్రులు వాయించండి. ఐరన్ మెయిడెన్ కూడా లాంగ్‌బీచ్‌లో వరుసగా కొన్ని రాత్రులు వాయించారు, ఆ ఆల్బమ్‌లో కొంత భాగం లండన్ హామర్‌స్మిత్ ఓడియన్ నుంచి తీసుకున్నారు.

తప్పులు దిద్దడం గురించి అడిగావు. ఒక రాత్రి తప్పిన చోట రెండో రాత్రి వాయింపు పెట్టుకోవచ్చు, అందులో నాకు అభ్యంతరం లేదు. స్టూడియోలో కూర్చుని గాత్రమంతా మళ్ళీ పాడి, మీద చప్పట్లు అతికించే పని మాత్రం వద్దు. జంట గిటార్ల వరసలకు దారి చూపిన ఐర్లండ్ బ్యాండు థిన్ లిజ్జీ 1978లో వేసిన లైవ్ రికార్డు ఎంత గొప్పదో విన్నవాళ్ళకు తెలుసు. అయినా అందులో చాలా భాగం స్టూడియోలో మళ్ళీ వాయించిందేనని నిర్మాత టోనీ విస్కోంటి అన్నాడు, బ్యాండు వైపు వాళ్ళు కాదన్నారు. ఆ వాదన ఇన్నేళ్ళయినా తెగలేదు. మీ రికార్డు గురించి అలాంటి మాట ఎవరూ అనకూడదని నా కోరిక. గాయకుడి గొంతు ఒకచోట జీరపోతే పోనివ్వండి.

ఇప్పుడు మీ ఐదుగురి సంగతి. హెలోవీన్ కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా ఈ కోణంలో మళ్ళీ చూడు. 1984లో హాంబర్గ్‌లో మొదలైన బ్యాండు. 1987, 1988లో వేసిన రెండు ఆల్బమ్‌లతో మెలోడిక్ మెటల్‌కు ఒక దారి వేసింది. వెంటనే దాని స్థాపకుల్లో ఒకడైన గిటారిస్టు కై హాన్సెన్ వెళ్ళిపోయాడు. 1993లో గాయకుడు మైఖేల్ కిస్కె, డ్రమ్మర్ ఇంగో దూరమయ్యారు, 1995లో ఇంగో చనిపోయాడు. ఆండీ డెరిస్ గాయకుడిగా వచ్చి బ్యాండును నిలబెట్టాడు. 2017లో కిస్కె, హాన్సెన్ తిరిగి వచ్చినప్పుడు డెరిస్‌ను పక్కన పెట్టలేదు, ఏడుగురూ ఒకే స్టేజీ ఎక్కారు. ఆ కచేరీల్లో తెర మీద ఇంగో పాత వీడియో వాయిస్తుంటే కింద ఇప్పటి డ్రమ్మర్ డాని లోబ్లె అతనికి జవాబుగా వాయించేవాడు. 2019లో మాడ్రిడ్ కచేరీ రికార్డుగా వచ్చింది. విన్నప్పుడు జనం ఎంత పిచ్చిగా పాడారో గమనించు. వాళ్ళు పాతికేళ్ళు ఎదురుచూసిన జనం.

మీరు అంతకాలం విడిపోయి ఉండకూడదంటే డబ్బు రాకముందే కాగితం రాసుకోండి. ప్రతి పాటకూ వరస ఎవరిది, మాటలు ఎవరివి, ఎవరి వాటా ఎంత, బ్యాండు పేరు ఎవరిది, ఎవరైనా వెళ్ళిపోతే ఈ లైవ్ రికార్డు ఆదాయంలో వాటా కొనసాగుతుందా లేదా, అన్నీ అందులో ఉండాలి. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మీ డ్రమ్మరు అన్నాడట. అతనికే ఇది ఎక్కువ అవసరమని చెప్పు. పాట కట్టినవాళ్ళకు హక్కు ఎలాగూ ఉంటుంది, నష్టపోయేది సాధారణంగా వాయించినవాడు. మన కాపీరైట్ చట్టంలో వాయించినవారికీ 50 ఏళ్ళ హక్కు ఉంది. 2012 సవరణ తర్వాత పాట రాసినవారి, వరస కట్టినవారి రాయల్టీ హక్కు కూడా బలపడింది. మాటలు రాసేవాళ్ళూ వరసలు కట్టేవాళ్ళూ, పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ సంఘంలో సభ్యత్వం తీసుకోండి.

ఇతరుల పాటలు కచేరీలో వాయిస్తే వాయించండి, ఆల్బమ్‌లో మాత్రం పెట్టకండి. వాటి అనుమతులు, వీడియోకు మళ్ళీ వేరే అనుమతులు, ఇవన్నీ మీ వయసుకు అనవసరమైన బరువు.

కాగితం మీద ఐదుగురి సంతకాలు పడ్డాక నాకు ఫోను చెయ్యి. నా దగ్గర మంచి కండెన్సర్ మైకుల జత ఒకటి ఉంది, దసరాకు వచ్చినప్పుడు పట్టుకెళ్ళు, కాలేజీ కచేరీల్లో వాడి చూసుకోవచ్చు. వాటికి తగిన ఎత్తు స్టాండ్లు టెంట్ హౌస్‌లలో దొరకవు, రాజమండ్రిలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. స్టాండు కాళ్ళ మీద వేయడానికి ఇసుక సంచులు కూడా కావాలి, అవి నేను కుట్టించి ఉంచుతాను.

మీ మామయ్య